నడిగడ్డ శాసనాలు, ఎం.ఏ. డిసర్టేషన్

గట్టు, గద్వాల వైపు నుంచి వెళ్లి మధ్యయుగ చరిత్రలో ఎం.ఏ. చేసే పిల్లలు డిసర్టేషన్ అంశం కోసం హైదరాబాద్ గ్రంథాలయాల్లో తిరుగుతుంటే చూడబుద్ధి కాదు. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో పుట్టినవాళ్లకు ముడిసరుకు గుడి గోడల మీదే ఉంది. దాన్ని కాగితం మీదికి తెచ్చే విద్య నేర్చుకోవాలంతే.

ఆ విద్య పేరు ఎస్టాంపేజ్. ముందు రాయిని నీళ్లతో కడిగి, అక్షరాల గాడుల్లోని మట్టిని మెత్తని బ్రష్‌తో తీస్తారు. ఇనుప బ్రష్ తగిలిందా, ఏడెనిమిది వందల ఏళ్లు నిలిచిన అక్షరం మన చేతిలోనే పోతుంది. తడిపిన కాగితాన్ని ముడతల్లేకుండా పరిచి, గట్టి కుచ్చు ఉన్న బ్రష్‌తో నిలువుగా కొడుతూ పోతే కాగితం గాడుల్లోకి దిగుతుంది. చిరిగిన చోట ఇంకో ముక్క వేసి మళ్లీ కొట్టడమే. తడి పూర్తిగా ఆరకముందు, దూది పెట్టి గుడ్డ చుట్టిన అద్దకపు ఉండకు నల్ల సిరా పలచగా పట్టించి అద్దుతారు. రాయి ఉపరితలం నల్లబడుతుంది, అక్షరం తెల్లగా మిగులుతుంది. సిరా ఎక్కువైతే గాడి నిండి అక్షరం మాయం. ఎండాకాలం మధ్యాహ్నం ఈ పని పెట్టుకుంటే కాగితం కొడుతుండగానే ఆరిపోతుంది, పొద్దున్నే వెళ్లాలి.

ఫోన్‌లో ఫొటో తీస్తే చాలదా అంటారు. తీయండి, మంచిదే. కానీ అరిగిన రాతి మీద ఏది గీత, ఏది పగులు అన్నది ఒక్క వెలుగులో తీసిన ఫొటో తేల్చదు.

తర్వాత చదవడం. అలంపూర్‌లో బాదామి చాళుక్య విజయాదిత్యుడి కాలపు శాసనం ఒకటి సిద్ధమాతృక లిపిలో ఉంది. పాత తెలుగు-కన్నడ లిపి ఒక్కటే నేర్చుకుని వెళ్తే అక్కడ ఒక్క వరుసా సాగదు. దాని కాలం శక సంవత్సరం 635. గడిచిన శక సంవత్సరానికి సాధారణంగా 78 కలపాలి, అంటే క్రీ.శ. 713. ఏడాది చివరి నెలలైతే 79. శాసనంలో తిథి, వారం కూడా ఉంటే స్వామికన్ను పిళ్లై పంచాంగ పట్టికలతో సరిచూడాలి. రెండూ కలవకపోతే తప్పు చెక్కినవాడిదని వెంటనే రాసేయకండి. చాలాసార్లు అది మన చదువుదే.

గట్టు వాళ్లకు రాయచూరు దగ్గరే. అక్కడి కోట గోడలో 40 అడుగులు దాటిన రాతి మీద 1294 నాటి శాసనం ఉంది. కోట కట్టించిన గోన విఠలుడు కాకతీయ సామంతుల ఇంటివాడు. ఆ గోనవారి వర్ధమానపురం నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోది. ఒకే వంశపు కథ ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో ఉంది కాబట్టి మన విద్యార్థి సరిహద్దు దగ్గరే ఆగిపోతున్నాడు. 13వ శతాబ్దికి ఆ సరిహద్దు లేదు.

ఈ దారి కొత్తదేం కాదు. లక్ష్మణరాయ పరిశోధక మండలి తెలంగాణా శాసనాలను పుస్తకంగా వేసింది. అలంపూర్ శాసనాల మీద గడియారం రామకృష్ణశర్మ ఆ ఊళ్లోనే ఉండి పనిచేశారు. అచ్చయిన పాఠం ఉంది కదా అని దాన్నే ఎత్తి రాసిన డిసర్టేషన్‌కు పట్టా వస్తుంది, విలువ రాదు. రాయి దగ్గరికి వెళ్లి ఆ పాఠంలో ఒక్క అక్షరం సరిదిద్దినా అది పరిశోధనే.

ఈ ఏడు అంశం ఎంచుకునేవాళ్లు ముందు మీ ఊరి గుడి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. రాయి రక్షిత కట్టడంలో ఉంటే పురావస్తు శాఖ అనుమతి తీసుకున్నాకే కాగితం తడపండి. శాసనం మీద సున్నం కొట్టబోతుంటే మాత్రం ఆ రోజే పెద్దలకు చెప్పి ఆపించండి.