పశువు లేని సేద్యం

"ఆవు లేకుండా సేంద్రియం ఎట్లా బాబాయ్?" ఏరువాక వస్తే చాలు, పక్క పొలం కుర్రాడు నన్ను అడిగే మాట ఇది. అతని తప్పేం లేదు. మన దగ్గర మందులు మానెయ్యడమంటే ఆవును తోలుకురావడమేనని స్థిరపడిపోయింది. ప్రకృతి సేద్యాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ చెప్పిన జీవామృతానికి 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం కావాలి. విత్తనానికి పట్టించే బీజామృతమైనా, పురుగుకు కొట్టే నీమాస్త్రమైనా అవే. మరి ఊళ్లో పశువులేవి? ట్రాక్టర్లతో ఎడ్లు పోయాయి. కోత మిషన్లతో గడ్డివాములు పోయాయి. కాసే మనిషి దొరక్క పాడి కూడా తగ్గింది. పెంట ఎరువు కావాలంటే ట్రక్కు లెక్కన కొనాల్సిందే.

నాకు ఇంకో కారణం కూడా ఉంది. దున్నే పని లేని కోడెదూడకు, ఒట్టిపోయిన గేదెకు మన పల్లెల్లో మిగిలిన దారి సంత ఒక్కటే. ఆ సంత నుంచి అది ఎక్కడికి వెళ్తుందో అందరికీ తెలుసు. పెంచిన చేత్తో దాన్ని అలా తోలలేను. అందుకే పశువు లేకుండానే పండించాలనుకున్నాను.

ఆలోచిస్తే పేడలో ఉన్న సారం పశువు పుట్టించినది కాదు, అది మేసిన మేతలోది. పగలంతా బంజర్లలో, చెరువు శిఖంలో, డొంకల వెంబడి మేసి రాత్రికి కొట్టంలో పేడ వేసేది. ఊరి ఉమ్మడి భూముల బలాన్ని మన చేనికి మోసుకొచ్చేది. ఇప్పుడు బంజర్లు ప్లాట్లయ్యాయి, డొంకలు ఆక్రమణలయ్యాయి. మేత కూడా మన పొలంలోనే పెంచి పెట్టాల్సిన రోజుల్లో, ఆ ఆకేదో నేరుగా నేలకే పెట్టొచ్చు కదా! మన పెద్దలు దీన్నే పచ్చిరొట్ట అన్నారు. జీలుగ, జనుము, పిల్లిపెసర మనకేం కొత్తవి కావు. సంచుల్లో యూరియా చౌకగా దొరికాక పక్కన పెట్టేశాం, అంతే.

తొలకరికి గానీ కాలవ నీళ్లకు గానీ ఎకరానికి 12 కిలోల దాకా జీలుగ చల్లితే నెలన్నరకల్లా నడుమెత్తు దాటుతుంది. చౌడునూ, నీటి ముంపునూ తట్టుకుంటుంది. ఒక మొక్కను వేళ్లతో సహా మెల్లగా పెకిలించి చూడండి. వేళ్లకు ఆవగింజంత, మినపగింజంత బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల గులాబీ రంగుంటుంది. ఆ రంగుంటే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తున్నట్టు. తెల్లగానో పాలిపోయిన ఆకుపచ్చగానో ఉంటే పని జరగనట్టు. ఎరువు పనిచేస్తోందో లేదో ఇంత తేలిగ్గా రైతు కళ్లకు చూపించే సంచి ఏ దుకాణంలోనూ లేదు.

పూత మొదలయ్యే వేళ దున్నెయ్యాలి. ఆలస్యమైతే కాండం నార పట్టి ఓ పట్టాన కుళ్లదు. అదునులో దున్నితే ఎకరానికి 8 నుంచి 10 టన్నుల పచ్చిరొట్ట మట్టిలో కలుస్తుంది. నీళ్లు కట్టి దమ్ము చేశాక నాలుగు రోజులు మడి బుడగలెత్తి కుళ్లు వాసన కొడుతుంది. వాసన తగ్గాక నాట్లు వేసుకోవచ్చు.

అయితే జీలుగ ఒక్కదానితో అంతా సరిపోతుందని చెప్పను. గాలి నుంచి వచ్చేది నత్రజని మాత్రమే. భాస్వరం, పొటాష్ గాలిలో ఉండవు. ధాన్యం బస్తాలతో పాటు అవి కొంత బయటికి పోతూనే ఉంటాయి. వరి తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం మాత్రం గడ్డిలోనే మిగులుతుంది. పశువు లేని రైతుకు ఇది పెద్ద ఆస్తి. ఆ గడ్డికి నిప్పు పెడితే నత్రజని దాదాపు అంతా పొగైపోతుంది, పైపొరలోని జీవం మాడిపోతుంది. కొయ్యకాళ్లు తగలబెట్టే చేతులకు దణ్ణం పెట్టి అడుగుతున్నాను, ఆ పని మానండి. భాస్వరానికి ఆముదపు పిండి, వేపపిండి కొంత ఆసరా. అది తగ్గకుండా చూసుకోవడానికి మట్టి పరీక్ష చేయించుకుంటూ, అవసరమైతే రాక్ ఫాస్ఫేట్ వెయ్యాలి. గట్ల మీద గ్లిరిసీడియా నాటితే ఏటా కొమ్మలు నరికి మడిలో తొక్కొచ్చు. పురుగుకు 5 శాతం వేపగింజల కషాయం ఉంది. అందులో మూత్రం అక్కర్లేదు.

ఇది నా ఒక్కడి పిచ్చి కాదు. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌షైర్ జిల్లాలో ఇయాన్ టోల్‌హర్స్ట్ అనే రైతు దశాబ్దాలుగా పేడ, ఎముకల పొడి ఏవీ వాడకుండా కూరగాయలు పండిస్తున్నాడు. పశువు ప్రమేయం లేని సేంద్రియ సాగుకు అక్కడ 2004లో తొలి గుర్తింపు ఆయన తోటకే వచ్చింది. పంట మార్పిడిలో కొంత నేలను పచ్చిరొట్టకే వదిలేస్తాడు, చెట్ల కొమ్మల తురుమును మగ్గబెట్టి వేస్తాడు. వాతావరణం వేరైనా సూత్రం మనదే.

మన దగ్గర అడ్డంకి విద్య కాదు. మేలో నీళ్లుండవు. ఊరంతా బీడుగా ఉన్నప్పుడు ఒక్క చేనే పచ్చగా కనిపిస్తే మేకల మంద అటే మళ్లుతుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు కౌలు. వచ్చే ఏడు ఈ మడి తన చేతిలో ఉంటుందో లేదో తెలియని రైతు నేల బాగుకు ఎందుకు ఖర్చు పెడతాడు? కనీసం మూడేళ్ల కౌలు రాసివ్వని భూస్వామి తన భూమిని తానే పాడుచేసుకుంటున్నాడు.

సబ్సిడీ జీలుగ విత్తనం చాలాసార్లు అదును దాటాక వస్తుంది. దాని కోసం ఎదురుచూడకండి. ఈసారి దున్నేటప్పుడు గట్టు వారన ఒక వరుస జీలుగను విత్తనానికి వదలండి. కాయలు ఎండి పగలకముందే కోసి, నూర్చి, డబ్బాలో భద్రం చేసుకోండి. మిగిలితే పక్క రైతుకు ఓ నాలుగు కిలోలు ఇవ్వండి.