చెయ్యి అందని చోట చిత్రం

పిల్లల గ్రంథాలయంలో అరలు పిల్లల చేతికి అందే ఎత్తులోనే ఉండాలి. న్యూయార్క్ నగరంలోని పాత ప్రభుత్వ పాఠశాలల్లోనేమో గదుల కప్పులు బాగా ఎత్తు. 2000 తర్వాతి సంవత్సరాల్లో రాబిన్ హుడ్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ ఆ బడుల్లో కొత్త గ్రంథాలయాలు ఏర్పాటు చేయిస్తుంటే, అరలకూ కప్పుకూ మధ్య గది పొడవునా గోడ బోసిగా మిగిలింది. ఆ వెలితే ఒక చిత్రశాలకు పుట్టినిల్లయింది.

ఈ గ్రంథాలయాలకు గ్రాఫిక్ డిజైన్ చేసింది పెంటాగ్రామ్ సంస్థకు చెందిన మైఖేల్ బీరూట్. తొలి ప్రయత్నంగా ఆయన భార్య డొరొతీ ఆ బడి పిల్లలనే ఫొటోలు తీశారు. వాటిని చాలా పెద్దవి చేసి అరల మీద వరుసగా నిలిపారు. మహారచయితల పటాలుంటాయనుకునే చోట చదువరుల ముఖాలు! సహృదయుడైన పాఠకుడు లేనిదే కావ్యానికి సార్థకత లేదన్న మన ఆలంకారికుల భావనకు ఇంత ముచ్చటైన వ్యాఖ్య నేనెక్కడా చూడలేదు. ఒక గ్రంథపాలకురాలు సాయంత్రం దీపాలన్నీ ఆర్పుతూ, ఆ ముఖాల మీది దీపాలను మాత్రం ఆఖరున ఆర్పేదని బీరూట్ చెప్పారు. తాను ఎవరి కోసం పనిచేస్తోందో అవి ఆమెకు గుర్తుచేసేవట.

తర్వాతి గోడలు ఇతర చిత్రకారుల చేతికి వెళ్లాయి. పీటర్ ఆర్కిల్ పిల్లలను కూర్చోబెట్టుకుని ఏం చదివారో అడిగి, వాళ్ల కబుర్లనే బొమ్మలుగా, మాటలుగా గోడకెక్కించాడు. క్రిస్టోఫ్ నీమన్ కథల్లోని ముఖాల్లో, చోట్లలో పుస్తకాన్నే ఒదిగించాడు. ముందు బొమ్మ కనిపిస్తుంది, మరుక్షణం అందులో దాగిన పుస్తకం పట్టుబడుతుంది. ఆ పట్టుబడే క్షణంలో మనసు గంతేస్తుందే, చమత్కారమంటే అదే. మైరా కాల్మన్ వస్తువులనూ మాటలనూ గది చుట్టూ పేర్చి పెద్ద పొడుపుకథ వేసింది. దాన్ని విప్పడానికి గడువు లేదు. ఈ ఏడు అంతుపట్టనిది పై ఏడు పట్టవచ్చు. ఆ ఓపికే చదువరికి మొదటి సంపద.

రసదృష్టితో చూస్తే పుస్తకం ఆలంబనం, అంటే భావానికి ఆధారం; గోడ మీది బొమ్మ ఉద్దీపనం, అంటే ఆ భావాన్ని రగిలించేది. శృంగారానికి వెన్నెల ఎలాగో, పఠనానందానికి ఈ చిత్రాలు అలాగ. చదవమని ఎవరూ గద్దించకుండానే చెయ్యి అర వైపు సాగుతుంది. చూపు పైకెళ్లి ఊహను వెంటబెట్టుకుని కిందికి దిగుతుంది.

పిల్లలకు చదువుకునే గది కట్టించేవారికి నాదొక విన్నపం. పై గోడను నీతి సూక్తులతో నింపకండి. మంచి చిత్రకారుణ్ణి పిలవండి. ముందు పిల్లలతో మాట్లాడమనండి, కుంచె ఆ తర్వాతే పట్టమనండి.