సెటిల్‌మెంట్ తర్వాత సొంతిల్లు

బ్యాంకులో హోమ్ లోన్ల సీట్లో ఉన్నన్నాళ్లూ నేను జీతం స్లిప్పు కన్నా ముందు సిబిల్ రిపోర్టే తిరగేసేవాణ్ణి. పాత క్రెడిట్ కార్డో, పర్సనల్ లోనో ‘సెటిల్డ్’ అని కనబడితే, ‘కట్టేశాను కదండీ, వాళ్లే లెటరిచ్చారు’ అనేవారు ఎదుటి మనిషి. నిజమే. కానీ లక్ష బాకీకి అరవై వేలు తీసుకుని ఫైలు మూశారంటే, మిగతా నలభై వేలు ఆ బ్యాంకు నష్టం కింద రాసుకున్నట్టే. ఇరవై ఏళ్లకు అప్పివ్వబోయే కొత్త బ్యాంకు ఆ నలభై వేల గురించే అడుగుతుంది.

ఉద్యోగం పోయిందా, ఆస్పత్రి ఖర్చొచ్చిందా అన్నది రిపోర్టులో ఉండదు. ఏ నెల కట్టారో, ఏ నెల కట్టలేదో మాత్రమే ఉంటుంది. అందుకే సెటిల్‌మెంట్ తర్వాతి నెలల్ని వేలు పెట్టి చదివేవాణ్ణి. చాలామంది భయపడి మళ్లీ అప్పు జోలికే పోరు. అది మంచి నడవడే అయినా, ఫైలు చదివేవాడికి ఏమీ చెప్పదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఓ చిన్న కార్డు తీసుకుని, నెలనెలా బిల్లు పూర్తిగా కట్టినవారి రిపోర్టు మాట్లాడుతుంది.

సెటిల్‌మెంట్ చేసుకున్నవారికి మళ్లీ అప్పివ్వాలంటే, వ్యవసాయ రుణాలు మినహా, కనీసం 12 నెలలు ఆగాలని రిజర్వ్ బ్యాంకు 2023 జూన్‌లో చెప్పింది. బ్యాంకులు ఇంకా ఎక్కువ కాలం పెట్టుకోవచ్చు. ఈలోగా పది బ్యాంకుల గడప తొక్కితే ప్రతి దరఖాస్తూ రిపోర్టుకెక్కుతుంది. దానికన్నా, అప్పట్లో వదిలేసిన సొమ్ము కట్టగలిగితే కట్టి, నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, ఖాతాను ‘క్లోజ్డ్’గా మార్పించుకోవడం మేలు. సిబిల్‌తో పాటు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే క్రెడిట్ బ్యూరోలు కూడా ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తెప్పించుకోండి. తప్పుంటే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల పరిహారం అడగొచ్చు.

30 లక్షల లోపు ఇంటి అప్పుకు ఆస్తి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చన్నది నిబంధన. అంత ఇచ్చి తీరాలని కాదు. పాత సెటిల్‌మెంట్ ఉన్నవారు పాతికో ముప్ఫయ్యో శాతం సొంత డబ్బు చూపిస్తే పని తేలికవుతుంది.

పాత సంగతి దాచినవారి ఫైలు రెండో పేజీ దాటేది కాదు. సెటిల్‌మెంట్ లెటరు పైన పెట్టి, దాని కింద ఆ తర్వాతి స్టేట్‌మెంట్లన్నీ వరసగా పేర్చి ఇచ్చినవారి కోసం మేనేజరు దగ్గర వాదించడానికి నాకు ఆధారం ఉండేది.