మట్టిపై మేకులు

చరిత్రపుస్తకములో "క్యూనిఫారం లిపి" యను పేరు చదివి పరీక్షకై కంఠస్థము చేయని విద్యార్థి యుండడు; దాని యర్థమేమని అడిగిన ఉపాధ్యాయుడు మాత్రము నాకు తటస్థపడలేదు. లాటిను భాషలో "క్యూనియస్" అనగా కీలము: పంచతంత్రమున వడ్రంగులు సగము చీల్చి విడిచిన దుంగనుండి వానరము పెఱికి ప్రాణము పోగొట్టుకొన్నదే, ఆ కీలము. 1700లో ఆక్స్‌ఫర్డు ఆచార్యుడు థామస్ హైడ్, పారసీకుల ప్రాచీనమతమును గూర్చిన తన గ్రంథమున, పారసీకుల పెర్సెపోలిస్ నగర శిథిలములందలి గుర్తులకు "కీలాకారములు" అను విశేషణమును తగిలించెను. తగిలించి, అవి అక్షరములే కావనియు, ఒకే గుర్తును ఎన్ని విధముల కూర్పవచ్చునో చూచుకొనుటకు శిల్పి చెక్కిన యలంకారములనియు తేల్చివైచెను. లిపికి పేరు పెట్టినవాడే దానిని లిపిగా నెఱుగకుండుట నాకు మిక్కిలి ముచ్చట గొలుపును. పారసీకులు దీనిని "మీఖీ" యందురు. ఆ "మీఖ్" శబ్దమే ఉర్దూ మీదుగా వచ్చి మన వడ్రంగి చేతిలో మేకైనది.

ఇవన్నియు ఆకారమును చూచి పెట్టిన పేర్లు. ఆ యాకారమెట్లు పుట్టెనో తెలియవలెనన్న మన్ను పిసుకవలసినదే. కుమ్మరి యింటినుండి తెచ్చిన బంకమన్నును అరచేతిలో పలకగా నద్ది, రెల్లుకాడ కొనను మూల తేలునట్లు కోసి, అలవాటు చొప్పున ముందుగా "క" వ్రాయబోతిని. కాడ పోయిన దారికి ఇరువైపుల మన్ను గట్లుగా లేచినది. వంపు తిరుగుచోట పెళ్లగిలినది. కాడను ఏటవాలుగా నుంచి దాని మూలను నొక్కి యెత్తితినో లేదో, ముక్కోణపు తలయు, సన్నగిలిన తోకయు గల గుంట స్ఫుటముగా నేర్పడినది. క్రీ.పూ. 3200 ప్రాంతమున, ఈ లిపి పుట్టిన మెసొపొటేమియాలోని ఉరుక్ నగరమున యవలకును, గొఱ్ఱెలకును, యవసురకును లెక్కలు వ్రాసినవారు మొదట బొమ్మలనే గీచిరి. ఆ బొమ్మల వంపులు కాలక్రమమున విఱిగి, ఇట్టి నొక్కుల గుంపులుగా మాఱినవి. ఆకు చీలునను భయమున మన గంటము గుండ్రముగా తిరిగెనందురు; మన్ను పెళ్లగిలునని వారి రెల్లు తిరుగుటయే మానుకొనినది.

ఇక వారు తమ వ్రాతపలకను ఏమని పిలిచిరనగా, సుమేరులు "దుబ్" అనిరి. అది అక్కాడుల నోట "టుప్పు"గను, ఎలాము దేశమున "తిప్పి"గను మాఱి, బెహిస్తూన్ కొండపై డరియస్ చక్రవర్తి చెక్కించిన ప్రాచీన పారసీక శాసనమున "దిపి" యైనది. మన దేశమునకు వాయవ్యమున నున్న షాబాజ్‌గఢీలోని అశోకుని శాసనములందు ఈ "దిపి" శబ్దమే కలదు. తూర్పునకును దక్షిణమునకును వచ్చుసరికి దకారము లకారమైనది. గుత్తికి చేరువనున్న ఎఱ్ఱగుడి బండలపై అశోకుడు తన శాసనమును "ధమ్మలిపి" యని పేర్కొనినాడు. అచటి యక్షరములు బ్రాహ్మివి. మేకు గుర్తు వెదకినను కానరాదు, పేరు మాత్రము మెసొపొటేమియా మట్టిపలకది.