గేటు దాకా ఖారా బన్ను

1898లో చిక్కపేటలో బీబీ బేకరీ తెరుచుకున్నప్పటి నుంచి బెంగళూరు అయ్యంగార్ బేకరీల్లో కౌంటరు ముందు నిలబడి తినడమే మజా. పీణ్య ఫ్యాక్టరీల్లో షిఫ్టు మధ్యలో మిషను వదిలి రాలేరు కదా! అక్కడికి బేకరీయే బండెక్కాలి.

పనితనమంతా ప్యాకింగులోనే. వేడి బ్రెడ్డును కవర్లో కడితే లోపల చెమ్మ చేరి త్వరగా బూజు పడుతుంది, చల్లారాకే కట్టాలి. పఫ్‌ది ఇంకో పేచీ: గాలాడని డబ్బాలో పొరలన్నీ మెత్తబడిపోతాయి. దానికి అట్టపెట్టే నయం, మూత కాస్త వదులుగా. కేకు మాత్రం స్కూటరు మీద కాళ్ల దగ్గర, చదునుగా. తుమకూరు రోడ్డు ట్రాఫిక్‌లో బ్రేకులు వేస్తూ క్రీము గులాబీ చెదరకుండా తెచ్చే కుర్రాడిది మామూలు చెయ్యి కాదు.

ఆర్డర్లు రాత్రే వాట్సాప్‌లో అందితే పిండి లెక్క తేలుతుంది. యాప్‌ల కమీషను చవక బన్నుకు బరువే; దగ్గరి గేట్లకు సొంత బండే గిట్టుబాటు.