ఇన్‌చార్జికి పూర్తి చార్జి

కంది పూతకొచ్చే రోజుల్లో మండలం వదిలి వెళ్లడానికి ఏ వ్యవసాయాధికారికీ మనసొప్పదు. శనగపచ్చ పురుగు, మారుకా మచ్చల పురుగు రెండూ మొగ్గ మీద పడేది అప్పుడే. డిప్యుటేషన్ ఉత్తర్వు మాత్రం పంట కాలం చూసుకుని రాదు. తాండూరు పక్కనే ఉన్న మా మండలాన్ని పొరుగు మండలం వ్యవసాయాధికారి మేడంకు అప్పజెప్పి వచ్చాను. అప్పటినుంచి ఈ అప్పగింత గురించే ఆలోచన.

బదిలీ అయితే వెళ్లేవాడు పూర్తిగా వెళ్లిపోతాడు. డిప్యుటేషన్‌లో కుర్చీ మనదే, మళ్లీ వస్తాం. అందుకే తాళాలు, రిజిస్టర్లు, స్టాకు పుస్తకం ఇచ్చేసి నిర్ణయాన్ని వెంట తీసుకుపోయేవాళ్లే ఎక్కువ. మండలానికి దెబ్బ తగిలేది అక్కడే.

చార్జి లిస్టుకు ఎక్కని సంగతులే నాకు ముఖ్యం. ఏ చేనులో ఎవరు ఏ పంట వేశారో నమోదు చేసే క్రాప్ బుకింగ్‌లో ఏ సర్వే నంబర్లు ఇంకా పడలేదు? అన్నదమ్ముల పంపకం తేలక, ఎవరి పేరు రాయాలో తెలియక వ్యవసాయ విస్తరణాధికారి (ఏఈఓ) ఆగిపోయిన చేను ఏది? పేరు ఎక్కకపోతే ఆ రైతు మద్దతు ధరకు కంది అమ్ముకోలేడు. కొనుగోలు కేంద్రం ముందు బస్తాలు దించాక ఆ సంగతి బయటపడితే అతని గతేమిటి? 2022లో తాండూరు కందికి వచ్చిన భౌగోళిక గుర్తింపు ఆ క్షణాన అతనికి ఏమాత్రం పనికొస్తుంది? ఏ దుకాణంలో తీసిన పురుగుమందు శాంపిల్ ఫలితం ల్యాబ్ నుంచి రావాల్సి ఉంది? ఎండు తెగులు సోకిన చేను చూడటానికి వస్తానని ఎవరికి మాటిచ్చాను? ఏ ఏఈఓ ఇంట్లో జబ్బు మనిషి ఉన్నందున అతని కింద ఉన్న ఊళ్ల క్లస్టర్ పని కూడా ఇంకొకరు మోస్తున్నారు? ఇది తెలియక కొత్తగా వచ్చినవారు అతన్ని అందరి ముందు మందలిస్తే జట్టు మనసు విరుగుతుంది. ఇవన్నీ కాగితం మీద రాసిచ్చాను, పక్కన కూర్చుని చెప్పాను కూడా.

తర్వాత రైతు వేదికలో ఏఈఓలందరి ఎదుట మేడంను కూర్చోబెట్టి, ఈ రోజు నుంచి సెలవు మంజూరు, క్లస్టర్ల సర్దుబాటు అన్నీ ఆమెవేనని చెప్పాను. అధికారం చేతులు మారిన సంగతి నలుగురికీ తెలియాలి. ఫైలులో ఉన్న ఉత్తర్వును ఊళ్లో ఎవరూ చదవరు.

అసలు కష్టం ఫోన్‌తో. "సారూ, కొత్త మేడం ఏదో మందు చెప్పింది, కొట్టమంటరా?" అని రైతులు ఫోన్ చేసి అడుగుతారు. అభిమానంతోనే అడుగుతారు. "ఆగు, నేను చూసి చెప్త" అని ఒక్కసారి అన్నామా, సాయంత్రానికి ఆ ఊళ్లో ఆమె మాటకు విలువ ఉండదు. "మేడం చేను చూసింది, నేను చూడలే. ఆమె చెప్పిందే కొట్టున్రి" అంటున్నాను.

తాత్కాలికంగా వచ్చినవారు పెద్ద నిర్ణయాల జోలికి పోకూడదని ఉద్యోగుల్లో ఒక మాట ఉంది. నేను ఒప్పుకోను. రాష్ట్రపతి స్థానంలో పనిచేసే ఉపరాష్ట్రపతికి రాజ్యాంగం 65వ అధికరణం ఆ అధికారాలన్నీ ఇచ్చింది. జాకిర్ హుస్సేన్ మరణించాక తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న వి.వి. గిరి 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద 1969 జూలై 19న సంతకం చేశారు. మర్నాడే పదవి నుంచి తప్పుకున్నారు. పంట రుణం పల్లెకు చేరే దారి ఆ సంతకంతోనే వెడల్పయింది. అలాంటప్పుడు ఒక మండలంలో ఇన్‌చార్జి అధికారి రెండు క్లస్టర్లను అటూ ఇటూ మార్చడానికి నా అనుమతి ఎందుకు?

మేడం ఇప్పటికే ఒక మార్పు చేశారు. నేనైతే చేసేవాణ్ని కాదు. అయినా తిరిగొచ్చాక ఈ సీజన్ ముగిసేదాకా దాన్ని కదిలించను. వెళ్లగానే ఏఈఓల దగ్గరికి కాదు, ముందు ఆమె దగ్గరికే పోతాను. క్రాప్ బుకింగ్‌లో ఆగిన ఆ చేను ఎవరి పేరున ఎక్కిందో, ఎందుకు అలా నిర్ణయించారో అడిగి తెలుసుకుంటాను.