కెర్-న్యూమన్ పరిష్కారం: ఫలితం, పద్ధతి

భ్రమణం, విద్యుదావేశం గల కృష్ణబిలానికి 1965లో న్యూమన్ బృందం ప్రకటించిన యథార్థ పరిష్కారం ఐన్‌స్టీన్-మాక్స్‌వెల్ సమీకరణాలను తృప్తిపరుస్తుంది. అందులో వివాదం లేదు. విమర్శకు నిలవవలసింది దానిని చేరిన మార్గం. భ్రమణరహితమైన రైస్నర్-నార్డ్‌స్ట్రామ్ మెట్రిక్‌లో నిరూపకాలను సంకీర్ణం చేసి, మళ్లీ వాస్తవ రూపానికి తెచ్చారు. ద్రవ్యరాశి పదంలోని వ్యాసార్ధ విలోమానికి ఒక నియమం, ఆవేశ పదంలోని వర్గ విలోమానికి మరొక నియమం! ఫలితం కుదరడం తప్ప ఈ భేదానికి హేతువు ఆ ప్రక్రియలో కనిపించదు. దీని పరిధిని 2000లో డ్రేక్, సెకెరెష్ కొంతవరకు నిర్ధారించారు: ఈ విధానంతో లభించే, రిక్కీ అదిశ శూన్యమైన పెట్రోవ్ డి రకపు పరిష్కారం కెర్-న్యూమన్ ఒక్కటే. అయినా ఇతర గురుత్వ సిద్ధాంతాలకూ దీనిని యాంత్రికంగా అన్వయించే ధోరణి ఉంది. అలా వచ్చిన మెట్రిక్‌ను ఆయా క్షేత్ర సమీకరణాలలో ప్రతిక్షేపించి చూడకుండా పరిష్కారమనడం చెల్లదు.